రాగి బాన కోసం తెరిచిన పేజీలు

మా అన్నయ్య రాదోసావ్ ఆ లాప్‌టాప్‌ను రొట్టెల సంచిలో చుట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. వంటింటి బల్ల మీద పెట్టి, టోపీ అయినా తీయకుండా, "ఇది చచ్చింది, చూడు" అన్నాడు. అంతే. చెల్లెలు ఎలా ఉందో, మోకాలి నొప్పి తగ్గిందో లేదో అడగడం మా వంశంలో మగవాళ్లకి రాదు.

"చచ్చిందంటే? అసలు వెలగడం లేదా?"

"వెలుగుతుంది. వెలిగి ఆలోచిస్తూ కూర్చుంటుంది. ఒక పేజీ అడిగితే ఈలోగా కాఫీ కాచుకుని తాగి రావచ్చు. ఉన్నట్టుండి మధ్యలో మూగబోతుంది."

"అచ్చం నీలాగే."

నవ్వలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, "మిత్రోవ్‌దాన్ పండుగ నాటికి బాగుండాలి దేసా" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు, ఆయన ఎందుకొచ్చాడో. ఆ మాటెత్తితే సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయే రకం.

నేను మా ఊరు వల్యేవోలో పళ్ల డబ్బాల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగంలో చేసి రిటైరైనదాన్ని. అప్పటి యంత్రాలు వేరు, ఇప్పటివి వేరు అని ఎంత మొత్తుకున్నా మావాళ్లు వినరు. ఎవరి యంత్రం మొరాయించినా తెచ్చి నా గుమ్మంలో పడేస్తారు. విసుక్కుంటాను, తిడతాను, చివరికి చేసి పెడతాను. కానీ అన్నయ్య ఎప్పుడూ తేలేదు. ఆ లాప్‌టాప్ ఆయన కూతురు పారేయబోతే ఆయన అడిగి తీసుకున్నది. అది కొట్టుకుంటున్నా, ఆగిపోతున్నా, పక్కన కూర్చుని తిట్టుకునేవాడే గాని ఒకరి సాయం అడిగేవాడు కాదు.

సంగతేమిటంటే మాకు ఒక తమ్ముడున్నాడు, విటోమిర్. నోవీ సాద్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. పెళ్లి చేసుకోలేదు. వాడికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఇంట్లోనే యంత్రం. గుమ్మం దాటి మెట్లు దిగలేడు. అన్నయ్యకీ వాడికీ మాటల్లేక ఏళ్లు గడిచిపోయాయి. ఎందుకంటే ఒక రాగి బాన. నాన్న రాకియా, అంటే పళ్ల సారా, కాచే బాన. నాన్న పోయాక అది కొట్టంలో చిలుము పట్టి పడి ఉందని విటోమిర్ ఒక సంతలో ఎవడికో అమ్మేశాడు. అన్నయ్యని అడగలేదు. తెలిసిన రోజు అన్నయ్య వాడి ఇంటికి వెళ్లి "నాన్నను అమ్ముకున్నావురా" అని వచ్చేశాడు. వాడు ఉక్రోషం పట్టలేక "నీకు కావలసింది నాన్న కాదు, నాన్న సారా" అన్నాడు. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నేను, ఒకరి క్షేమం ఒకరికి చెప్పే తపాలా బంట్రోతుని.

ఆ శరదృతువులో విటోమిర్ నాకు ఫోన్ చేశాడు. దగ్గు ఆగాక, "అక్కా, ఈసారి మిత్రోవ్‌దాన్‌కి నేను అన్నయ్య ఇంటికి వద్దామనుకుంటున్నాను" అన్నాడు.

"ఏ కాళ్లతో వస్తావురా?"

"వీడియో కాల్‌లో. అది రావడం కిందికి వస్తుందా, రాదా? నువ్వు చెప్పు."

పునీత దిమిత్రి మా ఇలవేలుపు. మిత్రోవ్‌దాన్ ఆయన పండుగ, మా పుట్టింటి స్లావా. ఇలవేలుపు పండుగని స్లావా అంటాం. స్లావాకి మేం ఎవరినీ పిలవం. పిలిస్తే అది మామూలు విందు అయిపోతుంది. ఆ రోజు తలుపు తెరిచి పెడతారు, రావాలనుకున్నవాళ్లు వస్తారు. వచ్చినవాడు పగవాడైనా సరే, గుమ్మంలోంచి వెనక్కి పంపే ప్రశ్న లేదు. పంపిన ఇల్లు అని పేరు పడితే తాత ముత్తాతల పరువు కూడా పోతుంది. నా తమ్ముడు ఆ తెరిచిన తలుపు కోసం చూస్తున్నాడు. బొమ్మగానైనా ఆ గుమ్మంలో నిలబడితే అన్న కాదనలేడని వాడి ఆశ.

"వస్తుందిరా. ఎందుకు రాదు" అన్నాను.

అన్నయ్యతో చెప్పాను. వదిన రూజ అక్కడే మిరపకాయలు కాలుస్తోంది. ఆవిడ చేయి ఆగిపోయింది. అన్నయ్య రొట్టె కోస్తూ తలెత్తకుండా, "నేనెవర్నీ పిలవను. తలుపు తెరిచే ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాతే ఈ రొట్టెల సంచి రావడం.

ఆయన్ని కూర్చోబెట్టి లాప్‌టాప్ వెలిగించాను. లోపల ఫ్యాను రొద మొదలుపెట్టింది. మౌస్ కదిపితే బాణం గుర్తు ఒక క్షణం తర్వాత బద్ధకంగా కదిలింది. ఏమేం నడుస్తున్నాయో చూపించే పట్టీ తెరవడానికే నా సహనం సగం ఖర్చయింది. తెరిచి చూస్తే మెమరీ నిండిపోయి ఉంది. డిస్కు ఆగకుండా తిరుగుతోంది.

"వైరసా?" అన్నాడు.

"వైరస్ కాదు. చోటు చాలడం లేదు. నా ఈ వంటింటి బల్ల చూడు. దీని మీద పెళ్లి వంట చేయమంటే ఎలా? ఒక గిన్నె పెట్టాలంటే ఇంకో గిన్నె నేల మీదకి దించాలి. మళ్లీ అది కావాలంటే వంగి తీయాలి. ఇదీ అదే పని చేస్తోంది, పొద్దస్తమానం."

"బల్ల పెద్దది చెయ్."

చూద్దామని వెనక మరలు విప్పాను. మెమరీ బోర్డుకే అతికించేసి ఉంది. ఇంకోటి తగిలించుకునే గాడి లేదు. చవకరకం పలచటి లాప్‌టాప్‌లన్నీ ఇంతే. పుట్టుకతో ఎంతో, చచ్చేదాకా అంతే.

"పెద్దది కాదు. సర్దుకోవాలి" అని ఒక్కొక్కటే పట్టుకున్నాను. వైరస్ రాకుండా కాపలా కాసే ప్రోగ్రాములు రెండున్నాయి. అవి ఒకదాన్నొకటి కాపలా కాసుకుంటున్నాయి. ఒకటి తీసేశాను. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రాము పొద్దున్నే లేచి దాని కోసం వెతుకుతోంది. దాన్నీ తీసేశాను. కొంచెం ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఇంటర్నెట్ తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. పైన పేజీల ట్యాబులు సన్నటి గీతల్లా, పేరు కూడా కనబడకుండా కిక్కిరిసి ఉన్నాయి. ఒకటి నొక్కాను, రాగి బాన. ఇంకోటి, రాగి బాన. ఇంకోటి, బానతో పాటు గొట్టం, పొయ్యి కూడా ఇస్తామంటున్న ఆసామి. అన్నీ పాత బానలు అమ్ముతామన్న ప్రకటనలే. సెర్బియాలో ఎవడి కొట్టంలో ఏ బాన ఉందో అంతా మా అన్నయ్య లాప్‌టాప్‌లో ఉంది.

"ఏమిటన్నయ్యా ఇది?"

"నాన్న బాన."

"ఏదీ?"

"వీటిలో ఎక్కడో ఉంటుంది. అంచు దగ్గర సొట్ట ఉండాలి. చిన్నప్పుడు నేను గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టింది. అమ్మే వెధవలు ఆ వైపు ఫొటో తీయరు. అందుకే మళ్లీ మళ్లీ చూస్తుంటా, కొత్త ఫొటో పెడతారేమోనని."

"మూసేస్తాను."

"ముట్టుకోకు. మూస్తే పోతాయి."

"పోవు మహానుభావా. గుర్తులు పెట్టి ఒక ఫోల్డర్లో దాస్తాను. కావాలన్నప్పుడు ఒక్కొక్కటి తెరుచుకో. ఒక్కొక్కటి. నీ యంత్రం మెమరీ అంతా ఈ బానలే మింగుతున్నాయి. దీనితో వీడియో కాల్ చేస్తే నీ తమ్ముడు నోరు తెరవకముందే అది చస్తుంది."

"తమ్ముడు" అన్న మాట మా ఇద్దరి మధ్య ఆ వంటింట్లో పడి అలాగే ఉండిపోయింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సరే, దాచు" అన్నాడు.

అన్నీ దాచి మూసేశాను. పక్క గదిలోకి వెళ్లి నా ఫోన్ నుంచి కాల్ చేశాను. తెర మీద అన్నయ్య ముఖం వచ్చింది, నుదురూ కనుబొమలూ మాత్రమే. "వినపడుతోందా దేసా" అని అరిచాడు. గోడ అవతలే ఉన్నాను, వినపడక చస్తుందా. మాట్లాడుతూనే ఉన్నాం, పక్కింటివాళ్ల కుక్క గురించీ, వదిన మొండితనం గురించీ. లాప్‌టాప్ ఎక్కడా తడబడలేదు. వెళ్లేటప్పుడు సంచిలో పెట్టి ఇస్తూ, "ఆ రోజు ఆ ఫోల్డర్ జోలికి వెళ్లావో, చూసుకో" అన్నాను.

"వెళ్లనులేవే" అన్నాడు. నిజంగానే వెళ్లకూడదనుకున్నాడు. అది నాకు తెలుసు.

మిత్రోవ్‌దాన్ నాడు అన్నయ్య ఇల్లు నిండింది. బల్ల మీద పెద్ద కొవ్వొత్తి వెలుగుతోంది. పొద్దున్నే పూజారి వచ్చి కొలాచ్ రొట్టె కోసి వెళ్లాడు. వదిన వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఉడికించిన తీపి గోధుమలు చెంచాలతో పెడుతోంది. లాప్‌టాప్‌ను బల్ల చివర, కొవ్వొత్తికి ఎదురుగా పెట్టాను. అన్నయ్య వడ్డిస్తూ, గ్లాసులు నింపుతూ, దాని ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నాడు. దానివైపు మాత్రం చూడడు.

మధ్యాహ్నం అది మోగింది. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. నేనే నొక్కాను. విటోమిర్ కనిపించాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు, టై కట్టుకున్నాడు. ముక్కు కింద గొట్టం. ఎంత చిక్కిపోయాడో, కాలరులో మెడ ఊగులాడుతోంది.

"స్లావా శుభం, ఇంటాయనా" అన్నాడు.

అన్నయ్య చేతిలో సీసా కింద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. లాప్‌టాప్ ముందుకొచ్చి నిలబడి, "రా. లోపలికి రా" అన్నాడు.

నేను ఏడ్చేశాను. దాచుకోవడం ఎందుకు, అందరి ముందే ఏడ్చేశాను. వదిన గోధుమల గిన్నె తెచ్చి తెర ముందు పట్టింది. అక్కడ వాడి దగ్గరా ఒక చిన్న గిన్నె ఉంది. తనని చూసుకునే ఆవిడ చేత ఉడికించుకున్నాడట. శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. "కూర్చుని మాట్లాడన్నయ్యా" అన్నాను.

"స్లావా నాడు ఇంటాయన కూర్చుంటాడా?" అని నిలబడే ఉన్నాడు.

కాసేపు వాతావరణం, మందులు, ఎవరెవరు పోయారన్న కబుర్లు నడిచాయి. చుట్టాలు మళ్లీ తినడంలో పడ్డారు. నేను కాబేజీ రోల్స్ పళ్లెంతో వంటింట్లోంచి వస్తున్నాను. అప్పుడు విటోమిర్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, ఆ బాన సంగతి."

"ఇవాళ వద్దురా."

"ఇవాళే. నాకు ఇంకో మిత్రోవ్‌దాన్ ఉందో లేదో. నేను దాని కోసం తిరిగాను. నీకు చెప్పలేదు. కొన్నవాడి ఊరు పట్టుకుని వెళితే, వాడు అప్పటికే ఇంకెవరికో అమ్మేశాడు. ఇప్పటికీ ప్రకటనలు చూస్తుంటాను, అంచు మీద నీ సొట్ట కనబడుతుందేమోనని. నేను చేసింది తప్పు. నన్ను..."

అన్నయ్య ముఖం నాకు పక్కనుంచి కనబడింది. మా అన్నయ్యకి ఏడుపు వస్తే దవడ బిగుస్తుంది, కనుబొమలు ముడిపడతాయి. తెలియనివాళ్లు చూస్తే కొట్టబోతున్నాడనుకుంటారు. అసలు మాట ఆయనకి ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది, చేయి ముందు వస్తుంది. అదే ముఖంతో, ఒక్క మాట లేకుండా, తెర మీదకి వంగి మౌస్ కోసం చేయి చాపాడు. బాణం గుర్తు ఆ ఫోల్డర్ మీదకి వెళ్లింది. అన్నీ తెరువు అన్న చోట ఆగింది.

"వద్దు, అన్నయ్యా వద్దు" అని పళ్లెం పట్టుకునే అరిచాను.

నొక్కేశాడు. పేజీలు వరసగా పుట్టుకొచ్చాయి. విటోమిర్ నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. ఫ్యాను ఒక్కసారి గట్టిగా ఊదింది. తెర నల్లబడింది.

"వాడికి చూపిద్దామని" అన్నాడు అన్నయ్య నా వైపు తిరిగి. కళ్లు మెరుస్తున్నాయి. "ఒకటి ఉంది దేసా, అర్జె ఊరి వైపు ఒకాయన దగ్గర. సొట్ట ఉన్నట్టే ఉంది ఫొటోలో. అదేనా కాదా వాణ్ణి అడుగుదామని. వాడూ వెతికాడట, విన్నావా? వాడూ వెతికాడట."

మళ్లీ వెలిగించాను. లేవడానికి యుగం పట్టింది. లేచాక, పడిపోకముందు తెరిచినవన్నీ తిరిగి తెరవబోయి మళ్లీ పడిపోయింది. నా ఫోన్ తీసి విటోమిర్‌కి చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే మోగను కూడా లేదు.

"అన్నయ్యా, నువ్వు చెయ్ నీ ఫోన్ నుంచి. ఇప్పుడే చెయ్."

"స్లావా నాడు ఇంటాయన ఫోన్ చేసి అతిథిని రమ్మంటాడా? వీధిలోకి వెళ్లి చెయ్యి పట్టి లాక్కొస్తాడా?" ఆయన నవ్వుతున్నాడు. గ్లాసు నింపుకున్నాడు. "వచ్చాడు కదే. లోపలికి వచ్చాడు. యంత్రం చచ్చిందని వాడికి మాత్రం తెలీదా? మళ్లీ వస్తాడు."

ఆ సాయంత్రం అన్నయ్య పాట కూడా పాడాడు. నాన్న పోయాక ఆయన పాడగా వినడం నాకదే మొదలు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఇంకా ఏం పోరుతాం? ఊరుకున్నాను. ఊరుకోకుండా ఆ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు విటోమిర్ ఎత్తాడు.

"నాకు అర్థమైందక్కా. నువ్వేం చెప్పక్కర్లేదు."

"ఏమర్థమైందిరా, నీ మొహం. మెమరీ చాలక లాప్‌టాప్ ఆగిపోయింది. బానలన్నీ ఒకేసారి తెరిచాడు, నీకు చూపించాలని."

"నేను క్షమించమని అడుగుతుంటే ముఖం చిట్లించి చేయి చాపాడు. చూశాను. నువ్వు వద్దు, వద్దు అని అరిచావు. విన్నాను. అందరి ముందు తలుపేశాడు. వేయనీ. నీ తమ్ముడికి సర్ది చెప్పడానికి నువ్వు అబద్ధాలాడకు, పండుగ మర్నాడే."

ఎన్ని రకాలుగా చెప్పాను. ఒట్టు పెట్టుకున్నాను. ఎంత చెబితే అంత అబద్ధంలా వినపడింది అది, నాకే వినపడింది. ఆయన ఒక్క మాట చెబితే వింటాడేమోనని పరుగున అన్నయ్య దగ్గరికి వెళ్లాను. అక్కడే నేను పొరపడ్డాను. విటోమిర్ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అన్నయ్య ముఖం రంగు మారిపోయింది.

"తలుపేశానన్నాడా? స్లావా నాడు? ఇంటికొచ్చినవాణ్ణి నేను వెళ్లగొట్టానన్నాడా?"

"వాడికలా కనబడింది అన్నయ్యా. ఒక్కసారి ఫోన్ చేసి చెప్పు."

"బాన అమ్మితే సహించాను. ఇది సహించను. మన తాత తన కొడుకుని తుపాకీతో కాల్చినవాడికి కూడా ఈ గుమ్మంలో గోధుమలు పెట్టాడు. నన్నంత మాట అనుకున్నవాడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ముందు తీసుకోమను."

నేను తిట్టాను. మీ ఇద్దరి పంతాలూ తగలెయ్య అన్నాను. వదిన కూడా మొదటిసారి గొంతెత్తింది. రాయికి చెప్పినట్టే ఉంది.

చలికాలం మధ్యలో అన్నయ్య మళ్లీ మా ఇంటికొచ్చాడు, చేతిలో కొత్త లాప్‌టాప్ పెట్టెతో. దాన్ని సిద్ధం చేసి పెట్టమన్నాడు. "మెమరీ బాగా ఉన్నదే ఇమ్మన్నాను. ఇందులో ఎన్ని తెరిచినా పడిపోదు కదా?"

"పడిపోదు."

"వీడియో కాల్ దానంతట అదే ఎత్తేలా పెట్టవచ్చా? ఒకవేళ వాడు చేస్తే, నేను తోటలో ఉంటే?"

"వాడు చేయడన్నయ్యా. నువ్వు చెయ్."

"నువ్వు పెట్టు ముందు" అన్నాడు. పెట్టాను. ఆ లాప్‌టాప్ వాళ్ల ముందుగదిలో రాత్రీ పగలూ వెలుగుతూ ఉండేది. వదిన దాని మీద దుమ్ము తుడిచేది.

విటోమిర్‌ని ఆసుపత్రిలో చేర్చారని తెలిసి బస్సులో వెళ్లాను. అన్నయ్యని రమ్మన్నాను. "పిలిచాడా?" అన్నాడు. ఆయన్ని వదిలేసి వెళ్లిపోయాను. తమ్ముడికి ముఖమంతా మాస్కు. వాడి పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. బోర్డుకి అతికించిన మెమరీ గురించి, గాడి లేకపోవడం గురించి, ఫోల్డర్ గురించి, కొత్త లాప్‌టాప్ గురించి. వాడు నా చేయి పట్టుకుని నిమిరాడు. మాస్కు కొంచెం పైకి లాగి, "నువ్వు మంచిదానివక్కా. చిన్నప్పుడూ అంతే, మా దెబ్బలు మాన్పడానికి కథలు చెప్పేదానివి" అన్నాడు.

ఆ వారంలోనే పోయాడు.

వల్యేవో తీసుకొచ్చి నాన్న పక్కనే పాతిపెట్టాం. మట్టి గడ్డకట్టి ఉంది, పారలు ఖంగుమన్నాయి. అందరూ భోజనాలకి బయల్దేరారు. అన్నయ్య మాత్రం కదలలేదు. చేతిలో గ్లాసు, అందులో కొంచెం రాకియా. ఆత్మ శాంతికని నేల మీద పోయాల్సింది, పోయకుండా పట్టుకునే ఉన్నాడు.

"చివర్లో వాడి దగ్గర నువ్వున్నావు" అన్నాడు.

"ఉన్నాను."

"అది యంత్రం చేసిన పని అని చెప్పావా?"

"చెప్పాను. అన్నీ చెప్పాను."

"నమ్మాడా?"

ఔనని చెబితే ఏం పోయేది? ఎవరు వచ్చి కాదంటారు? కానీ ఆ మట్టి ముందు నిలబడి నాకు నోరు రాలేదు. కోపమూ ఉంది, ఇద్దరి మీదా ఉంది, ఇప్పటికీ ఉంది.

"లేదన్నయ్యా. నమ్మలేదు."

ఆయన టోపీ మీద మంచు పడుతోంది.

"వాడి స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాను" అన్నాడు. "ఒక్క ఫోన్ దేసా. నా గొంతు వింటే నమ్మేవాడు."

ఆ మాట నిజం. ఆయన గ్లాసు వంచితే రాకియా సగం చొక్కా చేతి మీద ఒలికింది, మిగతాది మట్టి మీద పోశాడు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను, ఇద్దరం గేటు వైపు నడిచాం.